శనివారాలు ఖాళీగా ఉంటే: యూదుల సీనియర్ హోమ్‌లో వాలంటీరింగ్ ఎలా మొదలుపెట్టాలి

అమెరికా కెనడాల్లో ఉన్న మనవాళ్లకి వాలంటీరింగ్ అనగానే గుడి గుర్తొస్తుంది, లేదంటే ఫుడ్ బ్యాంక్, అంతకు మించి ఆలోచన పోదు. ఊళ్లోనే యూదుల సీనియర్ హోమ్ ఒకటి ఉంటుంది, రోజూ దాని ముందునుంచే ఆఫీసుకి వెళ్తుంటాం, కానీ "మనం యూదులం కాదు కదా, మనల్ని ఎందుకు రానిస్తారు" అనుకుని వదిలేస్తాం. రానిస్తారండీ. పైగా యూదులు కాకపోవడమే అక్కడ ఒక్కోసారి ఎక్కువ పనికొస్తుంది, ఎందుకో కింద చెప్తా.

ముందు ఇవి ఎలాంటి చోట్లో కొంచెం తెలుసుకోండి. బోస్టన్ హీబ్రూ సీనియర్‌లైఫ్ 1903లో మొదలైంది, లాస్ ఏంజెలెస్ జ్యూయిష్ హోమ్ 1912లో, న్యూయార్క్ రివర్‌డేల్‌లో హడ్సన్ ఒడ్డున ఉన్న హీబ్రూ హోమ్ 1917లో, టొరంటో బేక్రెస్ట్ 1918లో. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదు పెద్దవాళ్లకి మామూలు వృద్ధాశ్రమాల్లో కోషర్ భోజనం, అంటే వాళ్ల మత నియమాల ప్రకారం వండిన భోజనం, ఉండేది కాదు, వాళ్ల భాష యిడ్డిష్ అర్థమయ్యేవాళ్లూ ఉండేవాళ్లు కాదు, అందుకని సమాజం వాళ్లే చందాలేసుకుని ఇలాంటివి కట్టుకున్నారు. ఇప్పుడు వీటిల్లో యూదులు కానివాళ్లు కూడా ఉంటారు, స్టాఫ్‌లో అయితే చాలామంది కరీబియన్, ఫిలిప్పీన్స్, ఆఫ్రికా దేశాల వాళ్లే. యూదుల్లో కూడా అందరూ నిష్ఠగా ఉండేవాళ్లే అనుకోవద్దు, ఒకాయన రోజూ మూడు పూటలా ప్రార్థనకి వెళ్తారు, పక్క రూమాయన గుడి గుమ్మం తొక్కి యాభై ఏళ్లయిందని నవ్వుతూ చెప్తారు.

ఇంకోటి, మన బుర్రలో వృద్ధాశ్రమం అంటే పిల్లలు వదిలేసిన పాపం ముసలివాళ్లు అనే సినిమా బొమ్మ ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని కారులోనే వదిలేసి లోపలికి వెళ్లండి. ఇండిపెండెంట్ లివింగ్‌లో, అంటే తమ పనులు తాము చేసుకోగలిగేవాళ్ల విభాగంలో, ఉండేవాళ్లు లైబ్రరీ వాళ్లే నడుపుకుంటారు, సినిమా క్లబ్బు, రాజకీయాల మీద చర్చలు, కొత్తగా వచ్చినవాళ్లని పలకరించే కమిటీ అన్నీ వాళ్లవే. నర్సింగ్ హోమ్‌లో (ఇక్కడ దానర్థం ఆసుపత్రి కాదు, నర్సుల సాయం అవసరమైన పెద్దవాళ్లు ఉండే చోటు) కూడా అక్కడ ఉండేవాళ్లు రెసిడెంట్ కౌన్సిల్ పెట్టుకుని భోజనం దగ్గర్నుంచి అన్నిటి మీదా మేనేజ్‌మెంట్‌ని నిలదీసే హక్కు అమెరికాలో చట్టం ప్రకారమే ఉంది. కాబట్టి మీరు వెళ్లేది ఆల్రెడీ నడుస్తున్న ఒక ఊళ్లోకి, అక్కడ కొత్తవాళ్లు మీరే.

చేరే పద్ధతి సింపులే. హోమ్ వెబ్‌సైట్‌లో వాలంటీర్ ఫారం ఉంటుంది, నింపితే కోఆర్డినేటర్ ఫోన్ చేస్తారు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, టీబీ టెస్టు, ఫ్లూ టీకా మామూలుగా అడిగేవి, తర్వాత ఓరియెంటేషన్. వీసా మీద ఉన్నవాళ్లు ఒక్క విషయం చూసుకోవాలి, ఇంకొకళ్లకి జీతమిచ్చి చేయించే ఉద్యోగాన్ని మీరు ఫ్రీగా చేయకూడదు, ఎప్పుడూ వాలంటీర్లే చేసే పనైతే చేయొచ్చు, డౌట్ ఉంటే స్టూడెంట్స్ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో, మిగతావాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. కోఆర్డినేటర్ ఎన్ని గంటలు ఇవ్వగలరు అంటే ఊపులో వారానికి పది అని చెప్పేయకండి. వారానికి గంట చాలు, కానీ అదే రోజు అదే టైముకి వెళ్లాలి, ఎందుకంటే అక్కడ మీకోసం ఒకళ్లు జుట్టు దువ్వుకుని, షర్ట్ మార్చుకుని కూర్చుని ఉంటారు.

ఇప్పుడు శనివారం సంగతి. యూదులకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, మనకి సూర్యోదయంతో అయినట్టు. శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు పెట్టడంతో షబ్బాత్, అంటే వాళ్ల వారపు విశ్రాంతి దినం, వస్తుంది, శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనపడేదాకా ఉంటుంది. ఆ టైములో నిష్ఠగా ఉండేవాళ్లు కారు నడపరు, ఫోన్ ముట్టరు, రాయరు, లైటు స్విచ్ వేయరు, లిఫ్ట్ బటన్ కూడా నొక్కరు, అందుకే ఇలాంటి బిల్డింగుల్లో చాలాచోట్ల షబ్బాత్ లిఫ్ట్ ఉంటుంది, అది ప్రతి ఫ్లోర్‌లో దానంతటదే ఆగుతూ పోతుంది (అర్జెంటుగా వెళ్లాలనుకుంటే మాత్రం అది ఎక్కకండి). మరి వాలంటీర్లలో నిష్ఠగా ఉండే యూదులు కూడా అదే రోజు కారు తీయలేరు కదా, సరిగ్గా శనివారం పొద్దునే వీల్‌చైర్లలో ఉన్నవాళ్లందర్నీ ప్రార్థనా మందిరానికి తీసుకెళ్లాలి. మీలాంటి వాళ్ల అవసరం పడేది అక్కడే. పండగ రోజుల్లో కూడా ఇదే కథ. ఐటీలో వీకెండ్ ఖాళీగా ఉండే మనవాళ్లకి ఇంతకన్నా సరిపోయే పని ఇంకోటి నాకు తెలీదు.

శనివారం వెళ్తే కొన్ని గుర్తుంచుకోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులోంచి తీయొద్దు, అడ్రస్ రాసివ్వండి అని పెన్ను చేతికివ్వొద్దు. నిష్ఠగా ఉండే ఆవిడ "ఇక్కడ చీకటిగా ఉంది కదూ" అన్నారంటే అది ఊరికే వాతావరణం గురించిన మాట కాకపోవచ్చు, ఎందుకంటే ఆ రోజు చేయకూడని పనిని వేరేవాళ్లని నేరుగా అడిగి చేయించుకోకూడదని నియమం, కాబట్టి అలా సూచనగా అంటారు. వెంటనే స్విచ్ దగ్గరికి పరిగెత్తకుండా ఆ ఫ్లోర్ స్టాఫ్‌ని అడగండి, ఎవరికి ఏది ఫర్వాలేదో వాళ్లకి తెలుసు. వీల్‌చైర్ ఆపిన ప్రతిసారీ రెండు బ్రేకులూ వేయాలి, వాలుగా ఉన్న ర్యాంప్ దిగేటప్పుడు మీరు వెనక్కి నడుస్తూ కుర్చీని వెనక్కి దింపాలి, కుర్చీలోంచి మంచం మీదకి ఎత్తడం మాత్రం అసలు మీ పని కాదు, వాళ్లు బతిమాలినా సరే. గుమ్మం పక్కన ఏటవాలుగా బిగించిన చిన్న డబ్బా మెజూజా, లోపల వాళ్ల పవిత్ర గ్రంథం తోరాలోని వాక్యాలు రాసిన తోలు కాగితం ఉంటుంది, చాలామంది దాన్ని తాకి వెళ్తారు, కుర్చీలో ఉన్నవాళ్లకి చెయ్యి అందేలా అక్కడ ఒక్క క్షణం ఆపితే చాలా సంతోషిస్తారు. మందిరంలో మగవాళ్లకి చిన్న టోపీ ఇస్తారు, కిప్పా అంటారు, మీరూ పెట్టుకోవచ్చు. నిష్ఠగా ఉండే మగవాళ్లు ఆడవాళ్లతో, ఆడవాళ్లు మగవాళ్లతో షేక్‌హ్యాండ్ చేయకపోవచ్చు, మనకి ఆ ఇబ్బందే లేదు, హాయిగా నమస్కారం పెట్టేయండి.

మనవాళ్లు ఎక్కువ తడబడేది తిండి దగ్గర. ప్రేమ అంటే డబ్బా నిండా ఏదో ఒకటి తీసుకెళ్లడమే కదా మనకి. అక్కడ అది కుదరదు. కోషర్ వంటింట్లో మాంసం, పాలు కలవకూడదు, గిన్నెలు వేరు, ప్లేట్లు వేరు, మాంసం తిన్నాక పాలపదార్థం తినడానికి ఇంటి ఆచారాన్ని బట్టి కొందరు మూడు గంటలు కొందరు ఆరు గంటలు ఆగుతారు. మనం "వెజ్జే కదా" అని తీసుకెళ్లే నేతి సున్నుండలు వాళ్ల లెక్కలో పాల పదార్థం, అది పోను ఇంట్లో వండినది ఏదైనా సరే, మీ వంటిల్లు కోషర్ కాదు కాబట్టి డైనింగ్ హాల్లోకి రాకూడదు. కాఫీ కప్పుతో కూడా లోపలికి వెళ్లేముందు అడగండి. ఏదైనా ఇవ్వాలనే ఉంటే సీలు తీయని ప్యాకెట్, దాని మీద కోషర్ ముద్ర, అంటే సున్నాలో యు అక్షరం లాంటిది, ఉందో లేదో చూసి, కోఆర్డినేటర్‌కి చూపించాకే. ఇండియా నుంచి వచ్చే కొన్ని బిస్కెట్లు, స్నాక్స్ మీద కూడా ఈ ముద్ర ఉంటుంది, వెతకండి. ముద్ర ఉన్నా షుగరు, మింగడంలో ఇబ్బంది, రక్తం పల్చబడే మందులు ఇవన్నీ ఉంటాయి కాబట్టి నర్సుని అడగకుండా మంచినీళ్లు కూడా ఇవ్వకూడదు, కొందరు చిక్కగా చేసిన నీళ్లే తాగాలి, మామూలు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పాసోవర్ పండగ ఎనిమిది రోజులూ అయితే ప్యాకెట్లు కూడా వద్దు. గోధుమ, బార్లీ, ఓట్స్‌తో చేసి పొంగినది ఏదీ ఇంట్లో ఉండకూడదు, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో చాలామంది ఆ రోజుల్లో బియ్యం, పప్పులు కూడా మానేస్తారు. అన్నం పప్పు లేకుండా వారం పైన ఎలా అని మీరు అడగండి, వాళ్లు ఆ రోజుల్లో తినే పొంగని రొట్టె మట్సా గురించి చెప్పే జోకులతో అరగంట గడిచిపోతుంది.

వాళ్ల పండగల క్యాలెండర్ మనకి ఈజీగా ఎక్కుతుంది. అదీ చంద్రుడి నెలలదే, 19 ఏళ్లలో 7 అధిక మాసాలు వస్తాయి, మన పంచాంగం లాగే. పాసోవర్, సుక్కోత్, పూరిమ్ పౌర్ణమికి అటూఇటూ వస్తాయి, కొత్త సంవత్సరం రోష్ హషానా అమావాస్య వెళ్లగానే. వాలంటీర్లకి సరదా ఎక్కువ ఉండేది పూరిమ్‌కి, అందరూ వేషాలు వేస్తారు, పూరిమ్ కథలో విలన్ హామాన్ పేరు వచ్చినప్పుడల్లా గిలకలు తిప్పి గోల చేస్తారు, తొంభై ఏళ్ల ఆవిడ కూడా. యోమ్ కిప్పూర్‌కి ఇరవై ఐదు గంటల ఉపవాసం, కానీ జబ్బుతో ఉన్నవాళ్లు తినాల్సిందే అని ధర్మమే చెప్తుంది, "నేనూ ఉంటా" అని మొండికేసే పెద్దాయనకి మీరు ఉపదేశం చేయకుండా అక్కడి రబ్బైని, అంటే వాళ్ల మతగురువుని, పిలవండి.

మనిషి పక్కన కూర్చోవడం ఎలాగో కూడా పాత పుస్తకాల్లోనే ఉంది. రోగిని పలకరించడాన్ని బికూర్ హోలిమ్ అంటారు, పలకరించేవాళ్లు బాధలో అరవయ్యో వంతు తీసుకెళ్తారని వాళ్ల పాత ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఉంది. పొద్దున మొదటి మూడు గంటలు, సాయంత్రం చివరి మూడు గంటలు వెళ్లొద్దని కూడా అక్కడే చెప్పారు, ఇప్పుడు కూడా పొద్దున స్నానాలు, సాయంత్రం మెమరీ కేర్‌లో (మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల విభాగం) చిరాకు ఎక్కువయ్యే టైము కాబట్టి ఆ సలహా భలే పనికొస్తుంది. మంచం మీద కూర్చోకండి, కుర్చీ లాక్కుని వాళ్ల కళ్ల ఎత్తులో కూర్చోండి. మాటలు దొరక్కపోతే రమ్మీకబ్ అడగండి, 106 బిళ్లలు, నాలుగు రంగులు, ఒకటి నుంచి 13 దాకా, రెండు జోకర్లు, రమ్మీ ఆడిన చెయ్యికి పది నిమిషాల్లో వచ్చేస్తుంది. "ఇండియాలో యూదులు ఉన్నారా" అని తప్పకుండా అడుగుతారు, కొచ్చిలో 1568లో కట్టిన సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గురించి చెప్పండి, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిమ్ వాళ్లున్నారని చెప్తే ఇంకా ఆశ్చర్యపోతారు.

కొందరు హోలోకాస్ట్, అంటే నాజీలు యూదుల్ని చేసిన ఊచకోత, నుంచి బతికి బయటపడ్డవాళ్లు. చేతి మీద నాజీ క్యాంపులో పొడిచిన నంబర్ కనపడినా మీరుగా అడగొద్దు, వాళ్లు మొదలుపెడితే వినండి, మధ్యలో "అయ్యో, అవన్నీ మర్చిపోండి" అనొద్దు. వాళ్లలో కొందరికి షవర్ శబ్దం, క్యూలో నిలబడటం, యూనిఫాం, కుక్క అరుపు ఇవే భయం పుట్టిస్తాయి, రొట్టెముక్క రుమాల్లో చుట్టి దాచుకున్నా మీరు తీసి పారేయకండి. ఇక్కడే మనవాళ్లకి గట్టిగా చెప్పాల్సింది, స్వస్తిక్ ఉన్న లాకెట్టు, గుడి సంచి, కొత్త కారు పూజలో బానెట్ మీద వేసిన గుర్తు, ఇవేవీ ఆ ఆవరణలోకి రాకూడదు, నాజీల గుర్తు కూడా స్వస్తికే కాబట్టి. మనకి అది ఎంత పవిత్రమో, ఎంత పాతదో అక్కడ వివరించే పని పెట్టుకోవద్దు, చూడగానే ఆ మనిషికి గుండె ఝల్లుమంటుంది, వివరణ తర్వాత ఎప్పుడొస్తే ఏం లాభం.

అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చి ఇంట్లో బోరు కొడుతోంది అంటుంటే కోఆర్డినేటర్‌ని అడిగి చూడండి, కొన్నిచోట్ల కుటుంబంతో వచ్చేవాళ్లని కూడా రానిస్తారు. ఇంగ్లీషు రాదని భయపడక్కర్లేదు, సోవియట్ నుంచి వచ్చిన పెద్దవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకీ ఇంగ్లీషు అంతంతే, వాళ్ల భాష రష్యన్, ఇద్దరికీ రాని ఇంగ్లీషులో అల్లికల మీద, మనవల ఫోటోల మీద బ్రహ్మాండంగా కబుర్లు నడుస్తాయి. ఫోటోలు చూపించండి కానీ తీయకండి, ఎవరితో కూర్చున్నారో, వాళ్లకేం జబ్బో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అది అక్కడి ప్రైవసీ రూల్ కూడా.

ఎవరైనా పోతే అంత్యక్రియలు వీలైనంత త్వరగా జరిగిపోతాయి, తర్వాత కుటుంబం ఏడు రోజులు ఇంట్లో కూర్చుని సంతాపం పాటిస్తుంది, దాన్ని శివా అంటారు. వెళ్లొచ్చా అని అడిగి వెళ్లండి, పూలు తీసుకెళ్లొద్దు, వాళ్లు నోరు విప్పేదాకా మీరు మాట మొదలుపెట్టకూడదు, అది వాళ్ల పద్ధతి.

ఇండియా ట్రిప్ ఉంటే నెల ముందే కోఆర్డినేటర్‌కీ, మీరు కూర్చునే పెద్దాయనకీ ఇద్దరికీ చెప్పండి, తిరిగొచ్చే తేదీ ఆయన గోడ క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో రాసి వెళ్లండి. రాసేది శనివారం కాకుండా చూసుకోండి.