“కట్టినావా అన్నా?”: ఇంటి నుంచి బీమా చేసే ఏజెంట్‌కు సమస్యలు, పరిష్కారాలు

తిరుపతిలో కొర్లగుంటలోనో, బైరాగిపట్టెడలోనో ముందు గదిలో ఒక బల్ల, ప్రింటర్ పెట్టుకుని బీమా చేసేవాళ్లకు పాలసీదార్లంటే వీధివాళ్లు, వియ్యంకులు, పిల్లల స్కూలు దగ్గర పరిచయమైనవాళ్లు. తప్పు జరిగితే వాళ్లు బ్రాంచికి పోరు, నేరుగా గడప దగ్గరికి వస్తారు. వచ్చి ఏమంటారో ఆ మాటలతోనే మొదలుపెట్టి, కారణం ఎక్కడుందో చూద్దాం.

“డబ్బులిచ్చి వారమైంది, కట్టినావా అన్నా?”

ఒకసారి అడిగితే మామూలే. రెండోసారి అడిగారంటే అనుమానం మొదలైనట్టే. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ప్రీమియం నగదుగా తీసుకోవడం, లేదా సొంత ఫోన్‌పే నంబరుకు వేయించుకోవడం. నలుగురి డబ్బు ఇంటి ఖర్చుల ఖాతాలో కలిసిపోతే ఎవరిది కట్టామో, ఎవరిది మిగిలిందో మనకే గుర్తుండదు. బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం, ఏజెంట్ తీసుకున్న ప్రీమియంను కమీషన్ పట్టుకోకుండా పూర్తిగా 24 గంటల్లో కంపెనీకి చేర్చాలి. బ్యాంకు, పోస్టు సెలవులు మాత్రం లెక్కలోకి రావు. ప్రీమియం చేరనిదే కంపెనీ మీద రిస్కు పడదు. బండి పాలసీలో ఇది మరీ ప్రమాదం. దానికి గ్రేస్ (గడువు దాటాక కట్టడానికి ఇచ్చే అదనపు రోజులు) లేదు. ఈ రాత్రి 12కి పాలసీ ముగిసి, రేపు పొద్దున ఘాట్ రోడ్డులో బండి తగిలితే, మన జేబులో ఉన్న డబ్బు ఎవరినీ కాపాడదు. రెన్యువల్ 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది.

చేయాల్సింది: కంపెనీ పేమెంట్ లింకు పాలసీదారు ఫోనుకే పంపించండి, డబ్బు వాళ్ల ఖాతా నుంచే పోవాలి. ఫోను వాడని పెద్దవాళ్లు నగదే ఇస్తామంటే, కార్బన్ పేపరున్న చిన్న పుస్తకంలో తేదీ, పాలసీ నంబరు, మొత్తం రాసి సంతకం పెట్టి ఒక కాపీ అక్కడే ఇవ్వండి. అదే రోజు కౌంటర్‌లో కట్టి, కంపెనీ రసీదు ప్రింటు ఇంటికి చేర్చండి. మన పుస్తకం చీటీ కంపెనీ రసీదుకు బదులు కాదని ఆ మాట కూడా చెప్పాలి. ఇంకొకటి: పాత పన్ను విధానంలో ఆరోగ్య బీమా ప్రీమియంకు మినహాయింపు నగదుగా కడితే రాదు. ఉద్యోగస్తులకు ఈ ఒక్క మాట చెబితే నగదు గొడవ అక్కడితో పోతుంది.

ఇప్పటికే అనుమానం పడిన ఇంటికి మాటలతో వెళ్లకండి. కంపెనీ నుంచి వచ్చే ప్రీమియం చెల్లింపుల స్టేట్‌మెంట్ తీసి చేతిలో పెట్టండి.

“పాలసీ ఆగిపోయిందంట, నువ్వు చెప్పలేదే?”

జీవిత బీమాకు నెలవారీ అయితే 15 రోజులు, మిగతా వాయిదాలకు 30 రోజులు గ్రేస్ ఉంటుంది. చిత్తూరు జిల్లాలో ఆగిపోయే పాలసీలలో చాలావాటికి జబ్బు గడువు తేదీలోనే ఉంటుంది. తోతాపురి కాయ కోతకు వచ్చేది జూన్, జూలైలలో. బంగారుపాళ్యం మార్కెట్‌లో కాయ అమ్ముకునే రైతుకు మార్చిలో టార్గెట్ కోసం పాలసీ చేయిస్తే, ప్రతి మార్చికీ అతని చేతిలో డబ్బుండదు. అలాంటివాళ్లకు జూలై, ఆగస్టులలో మొదలుపెట్టి సంవత్సరానికి ఒక కంతు పెట్టండి. పాలు పోసే ఇంటికి పాల బిల్లు పడే తేదీ అడిగి, దానికి నాలుగు రోజుల తర్వాత నెలవారీ ఆటోపే పెట్టించండి. గడువుకు 30 రోజుల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గ్రేస్ మొదలైన రోజు ఒకసారి చెప్పాలి. మూడోది వాట్సాప్‌తో సరిపెట్టకుండా ఫోన్ చేసి చెప్పండి. కొండ మీద షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు ఏ వేళకు దొరుకుతారో ముందే రాసిపెట్టుకోండి.

“అన్నీ వస్తాయన్నావు, ఇప్పుడేమో క్లెయిమ్ లేదంటున్నారు”

పేరు పూర్తిగా పోయేది ఇక్కడే, కాబట్టి వివరంగా చూడాలి.

మొదటి కారణం ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తు. షుగర్, బీపీ ఉన్నా “లేదు” అని టిక్ పెట్టేస్తారు. ప్రీమియం పెరుగుతుందనో, మెడికల్ టెస్టు పడుతుందనో భయం. తర్వాత చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకో, తిరుపతిలో స్విమ్స్‌కో పోతారు. డాక్టర్ అడిగితే రోగి నిజమే చెబుతాడు, చెప్పాలి కూడా. డిశ్చార్జ్ సమ్మరీలో “పదేళ్లుగా షుగర్” అని పడుతుంది. ఫారంలో లేదు, సమ్మరీలో ఉంది. క్లెయిమ్ చూసేవాళ్లకు ఇంకేం కావాలి?

ఫారం ఇంట్లో కూర్చుని మీరు నింపకండి. పాలసీదారు ఎదుట ప్రతి ప్రశ్న తెలుగులో చదవండి. “ఏమైనా జబ్బులున్నాయా” అంటే లేవనే అంటారు. “రోజూ ఏం మాత్రలు వేసుకుంటావక్కా?” అని అడిగితే మాత్రల డబ్బానే తెచ్చి చూపిస్తారు. ఉన్న జబ్బు రాయడమే మేలని లెక్కతో చెప్పండి: ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా 36 నెలలే, దాచి దొరికితే పాలసీకే ముప్పు. పాలసీ వచ్చాక అందులోని ప్రపోజల్ కాపీ మళ్లీ చదివించండి. నచ్చకపోతే వెనక్కి ఇవ్వడానికి 30 రోజుల ఫ్రీ లుక్ ఉంది.

పాత పాలసీలో ఇలాంటి తప్పు జరిగి ఉంటే, క్లెయిమ్ రాకముందే నిజం రాసి కంపెనీకి ఇప్పించండి. ప్రీమియం పెరగచ్చు, పాలసీ రద్దు కూడా కావచ్చు, అది దాచకుండా చెప్పండి. ఆరోగ్య బీమాలో 60 నెలలు వరుసగా నడిచాక మోసం నిరూపిస్తే తప్ప దాచిన కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. జీవిత బీమాలో 45వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్లు దాటితే పాలసీని ప్రశ్నించలేరు. వీటిని చూపి “మూడేళ్లు నోరు మూసుకో చాలు” అని సలహా ఇచ్చే ఏజెంట్లు ఉన్నారు. ఆ మూడేళ్ల లోపలే మనిషి పోతే ఆ ఇంటికి ఏం సమాధానం చెబుతారు?

రెండో కారణం గది అద్దె. 5 లక్షల పాలసీలో గది పరిమితి 1 శాతం ఉంటే రోజుకు 5,000. రోగిని 8,000 గదిలో పెడితే కోత ఆ 3,000తో ఆగదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటి ఖర్చులు కూడా 5/8 చొప్పునే ఇస్తారు. ఆ పద్దు 1,60,000 అయితే వచ్చేది లక్ష. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. పరిమితి అంకెను పాలసీ కవరు మీద పెద్దక్షరాలతో రాసి ఇవ్వండి. అడ్మిషన్ కౌంటర్‌లో కుటుంబానికి కావాల్సింది ఆ అంకే.

మూడోది మన ప్రాంతపు ముచ్చట. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోవడం ఇక్కడ అలవాటు. కట్టు కట్టించుకుని అదే రోజు ఇంటికొస్తే మామూలు ఆరోగ్య పాలసీలో డబ్బు రాదు. సాధారణంగా 24 గంటల అడ్మిషన్, అదీ పాలసీ నిర్వచనానికి సరిపోయే ఆసుపత్రిలో ఉండాలి. ఇది పాలసీ అమ్మే రోజే చెబితే సలహా అవుతుంది, తర్వాత చెబితే సాకు అంటారు.

క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) ఆలస్యమైతే ఆసుపత్రి బీమా డెస్కుతో మీరే మాట్లాడండి. ముందస్తు అనుమతికి గంట, డిశ్చార్జ్ అనుమతికి 3 గంటలు అని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గడువు పెట్టింది. ఏ గంటకు ఏ కాగితం పోయిందో రాసుకుంటే అడగడానికి ఆధారం ఉంటుంది.

“డబల్ వస్తుందన్నావు కదా”

నోటితో చెప్పిన అంకె వల్ల వచ్చే తంటా ఇది. మార్కెట్‌తో ముడిపడిన పాలసీలలో బెనిఫిట్ ఇలస్ట్రేషన్‌లో (పాలసీకి ఎంత రావచ్చో చూపే కాగితం) ఉండే 4 శాతం, 8 శాతం లెక్కలు హామీలు కావు. 8 శాతం వరుసనే చూపించి సంతకం పెట్టించుకుంటే పదేళ్ల తర్వాత దానికి సమాధానం మీరే చెప్పుకోవాలి. 4 శాతం వరుస ముందు చదవండి. గ్యారంటీ ఉన్న మొత్తం కింద గీత గీసి, మధ్యలో ఆపేస్తే ఎంత వస్తుందో కూడా చూపించండి. ఆ కాగితం కాపీ వాళ్ల దగ్గరా, మీ ఫైలులోనూ ఉండాలి.

“మొదటి కంతు నువ్వే కట్టు, పక్కాయన ఇస్తాడంట”

బీమా చట్టం 41వ సెక్షన్ కింద కమీషన్‌లో వాటా ఇవ్వడం నిషేధం, జరిమానా 10 లక్షల వరకు. ఆ హెచ్చరిక ప్రపోజల్ ఫారంలోనే అచ్చయి ఉంటుంది, వేలు పెట్టి చూపించండి. ఒకరికి ఇస్తే వీధంతా తెలుస్తుంది, ఇవ్వకుండా పాలసీ చేయించుకున్నవాళ్లు మోసపోయామనుకుంటారు. నీకు కమీషన్ ఎంత అని అడిగితే మాత్రం దాచకండి, అడిగితే చెప్పాలన్నది ఏజెంట్ నియమావళిలోనే ఉంది.

“ఆఫీసు ఎక్కడ మీది?”

అడ్రసు అడిగినట్టు ఉంటుంది గానీ, ఇది అనుమానమే. నియామక పత్రం, ఏజెన్సీ కోడ్, ఐడీ కార్డు మొదటి రోజే చూపించండి, బ్రాంచి ఫోన్ నంబరు ఇవ్వండి. పనికి వేరే సిమ్ పెట్టుకోండి, పిల్లలు ఎత్తకుండా. ఇతరుల ఆధార్ జిరాక్సులు బల్ల మీద పడి ఉంటే, వచ్చినవాళ్లు తమ కాగితాల గతీ ఇంతే అనుకుంటారు. తాళం ఉన్న బీరువా కొనండి, పని అయిపోయిన కాపీలు చించేయండి, వాట్సాప్‌లో వచ్చిన ఆధార్ ఫొటోలు తీసేయండి.

“మీ ఏజెంట్ బోనస్ తినేశాడని ఫోనొచ్చింది”

ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నామని చెప్పే మోసగాళ్ల పని ఇది. ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదు, బోనస్ పంచదు. ఈ మాట ఏడాదికి రెండుసార్లు పాలసీదార్లందరికీ ముందే పంపండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

“ఇంక నీతో పని లేదు, కంప్లైంట్ చేస్తా”

అడ్డుపడకండి, దారి చెప్పండి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఐఆర్‌డీఏఐ నంబరు 155255కి ఫోన్ చేసో, దాని బీమా భరోసా పోర్టల్‌లోనో కూడా నమోదు చేయచ్చు. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం కిందే వస్తుంది. 50 లక్షల వరకు వింటారు, ఫీజు లేదు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వేయాలి. తిరస్కరణ లేఖ, పాలసీ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, మీరు రాసిపెట్టుకున్న తేదీలు ఒక కవర్లో పెట్టి ఇవ్వండి. తప్పు ఫారం నింపిన మీదే అయితే, ఆ సంగతి కూడా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి.