నూటికి మూడు అంటే ఎంతో పిల్లలతోనే లెక్క కట్టించండి

ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెప్పేటప్పుడు, ఇళ్లల్లో రోజూ వినపడే మాటనే తీసుకోండి: ‘నూటికి మూడు రూపాయల వడ్డీ’. చాలామంది అది 3 శాతమే కదా అనుకుంటారు. అది నెలకు! ఏడాదికి 36 శాతం. బోర్డు మీద 10,000 రాసి, కట్టని వడ్డీని అసలుకు కలుపుతూ నెల నెలా పిల్లలతోనే వేయించండి. 10,300, 10,609... పన్నెండో నెలకు 14,257 దాటుతుంది. రెండేళ్లకు అప్పు రెట్టింపు. ఆ అంకె తమ చేత్తో రాసినప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది.

పదేళ్లు నిండితే పోస్టాఫీసులో తమ పేరునే పొదుపు ఖాతా తెరవచ్చని, 500 రూపాయలు చాలని కూడా చెప్పండి.

ఒక్క జాగ్రత్త: మీ ఇంట్లో అప్పు ఎంతుందని మాత్రం పిల్లల్లో ఎవరినీ అడగొద్దు. నలుగురిలో ఆ మాట చెప్పడం వాళ్లకు చాలా కష్టం.