నోక్ తరహా మట్టి తల ఎలా చేయాలి?

నైజీరియాలో నోక్ అనే ఊరి దగ్గర 1928లో తగరం గనులు తవ్వుతుంటే పాతకాలపు మట్టి బొమ్మ ఒకటి బయటపడింది. 1940లలో దొరికిన ఒక తలనైతే పెండలం చేలో దిష్టిబొమ్మకు తగిలించేశారు! ఇవి రెండు వేల ఏళ్లకు పైబడినవి. ఆ ఊరి పేరుతోనే వీటిని నోక్ బొమ్మలని, వీటిని చేసిన ఆనాటి వాళ్లను నోక్ వాళ్లని అంటారు. అలాంటి తల ఒకటి, జానెడు ఎత్తున, మనమూ చేద్దాం.

1. మట్టి
బంకమట్టి ఒక్కటే వాడితే ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ముతక ఇసుకో, పాత కుండపెంకుల పొడో కలిపి బాగా పిసకండి. నోక్ వాళ్ల మట్టి కూడా ముతకదే.

2. బోలుగా కట్టడం
ముద్ద చేసి చెక్కకండి, కాల్చేటప్పుడు పగిలిపోతుంది. మట్టిని వేలి లావు తాళ్లుగా చేసి, చుట్ట మీద చుట్ట పేర్చి, లోపలా బయటా అతుకులు మెత్తండి. మెడ కింద తెరిచే ఉంచాలి.

3. చెక్కడం
అసలు పని ఇదే. తాకితే వేలికి అంటకూడదు, చాకు పెడితే తెగాలి. అంతవరకు ఆరనివ్వండి, తొందరొద్దు. ఆ తర్వాత కొయ్య చెక్కినట్టే చాకుతో చెక్కాలి. నోక్ బొమ్మల్లో కనిపించే పదునైన గీతలు చూసి, వాళ్లకు కొయ్యపని బాగా వచ్చి ఉంటుందని పండితులు అనుకుంటారు.

కన్ను కుదిరితే సగం పని అయినట్టే. త్రికోణం గీసి, పైన విల్లులా కనుబొమ్మ పెట్టి, కనుపాప దగ్గర పుల్లతో లోపలిదాకా బెజ్జం పొడవండి. ముక్కు, నోరు, చెవులకూ అంతే. ఈ బెజ్జాలు అందానికే కాదు, కాలేటప్పుడు లోపలి ఆవిరి, వేడిగాలి వీటిలోంచే పోతాయి. జుట్టును మాత్రం వరస ముడులుగా తీరిగ్గా దిద్దండి, నోక్ కళాకారులు అక్కడ అస్సలు పిసినారితనం చూపలేదు.

మెడ లోపల మీ పేరు, సంవత్సరం గీయండి. నోక్ బొమ్మలకు నకిలీల బెడద ఎక్కువ, మీది చూసి పాతదని ఎవరూ పొరబడకూడదు.

4. పూత, నునుపు
పలుచటి ఎర్రమట్టి పూత పూసి, కాస్త ఆరాక గులకరాయితో రుద్దండి.

5. కాల్చడం
నీడలో రెండు వారాలు ఎండనివ్వండి. ఇంట్లో ఓవెన్ వేడి దీనికి చాలదు, కనీసం 600 డిగ్రీలు కావాలి. తెలిసిన కుమ్మరి ఉంటే ఆవంలో కాస్త చోటు అడగండి. పూర్తిగా చల్లారాకే తీయాలి. చెవి ఒకటి ఊడివచ్చిందా? టెన్షన్ పడకండి, తవ్వకాల్లో దొరికిన నోక్ బొమ్మలు కూడా చాలావరకు ముక్కలే.