స్టెంట్ వేయించుకున్నాక దూరపు పరుగు: నడివయసులో ఎలా మొదలుపెట్టాలి

నలభై ఐదేళ్లకో, యాభై ఏళ్లకో గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికి చేరినవారిలో కొందరికి, కాస్త కోలుకున్నాక ఉదయపు నడకతో సరిపెట్టుకోకుండా హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్ల పరుగు) దాకా వెళ్లాలన్న కోరిక పుడుతుంది. ఇది కొత్త సంగతి కాదు. కెనడాలోని టొరంటోలో డాక్టర్ టెరెన్స్ కవానా పర్యవేక్షణలో శిక్షణ పొందిన కొందరు గుండెపోటు రోగులు 1973లోనే బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తారు. అయితే ఆరోగ్యవంతుల కోసం తయారైన శిక్షణ పట్టికలు మీకు పనికిరావు. మీ శిక్షణ ప్రణాళిక మీ మందుల చీటీ నుంచే మొదలు కావాలి.

ముందుగా పరీక్షల విషయం. గుండెపోటులో దెబ్బతిన్న కండరం మచ్చకట్టి గట్టిపడటానికి సుమారు 6 నుంచి 8 వారాలు పడుతుంది. బైపాస్ అయినవారికి రొమ్ము ఎముక అతుక్కోవడానికి దాదాపు 3 నెలలు కావాలి. ఆ గడువు దాటాక టూడీ ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేయించుకుని, కార్డియాలజిస్టును మూడు ప్రశ్నలు సూటిగా అడగండి: గుండె పంపింగ్ ఎంత శాతం ఉంది, స్టెంట్ వేయకుండా వదిలేసిన బ్లాకులు ఏమైనా ఉన్నాయా, ట్రెడ్‌మిల్ మీద గుండె లయ తప్పిందా? పంపింగ్ బాగా తగ్గినా, శ్రమపడినప్పుడు రక్తం చాలడం లేదని ఈసీజీలో తేలినా, పరుగు ఆలోచన పక్కన పెట్టి డాక్టరు చెప్పిన నడకకే పరిమితం కావాలి. వ్యాధి నిర్ధారణ కోసం చేసే టీఎంటీకి ముందు కొన్ని మందులు ఆపమంటారు కానీ, శిక్షణ వేగం తేల్చుకోవడానికి చేయించుకునే పరీక్షకు సాధారణంగా రోజువారీ మందులు వేసుకునే వెళ్లాలి. మీరు పరుగెత్తబోయేది ఆ మందుల మీదే కదా. ఈ తేడా డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. వీలైతే భార్యనో, భర్తనో వెంట తీసుకువెళ్లండి. ‘ఈ వయసులో నీకెందుకీ పరుగులు’ అన్న మాట ఇంట్లో ఎలాగూ వస్తుంది, దానికి డాక్టరు నోటి నుంచి వచ్చిన జవాబుకు ఉన్న బరువు మన జవాబుకు ఉండదు.

ఇక మందులు. గుండెపోటు తర్వాత చాలామందికి రాసే మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని అణిచిపెడతాయి. 220లోంచి వయసు తీసివేసే లెక్క ప్రకారం యాభై ఏళ్ల మనిషి గుండె 170 దాకా కొట్టుకోవచ్చు గానీ, ఈ మాత్ర వేసుకునే మనిషికి 125 దగ్గరే ఊపిరి అందకపోవచ్చు. చేతి వాచీలో 118 చూసి ఇది తేలిక పరుగే అనుకునే వ్యక్తి నిజానికి తన పరిమితి అంచున ఉంటాడు. అందువల్ల వాచీ కంటే శ్వాసనే నమ్మాలి. స్వీడన్ శాస్త్రవేత్త గున్నర్ బోర్గ్ రూపొందించిన 6 నుంచి 20 వరకు ఉండే శ్రమ కొలమానంలో 11 నుంచి 13 మధ్య ఉంటే చాలు, అంటే తేలిక నుంచి ఓ మోస్తరు కష్టం దాకా. తోడు ఎవరూ లేనప్పుడు బళ్లో నేర్చుకున్న ఆటవెలది పద్యం ఒకటి పరుగెత్తుతూనే పైకి చదవండి. పద్యపాదం మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టే.

రక్తం పలచబడే మందులు, అంటే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ, సాధారణంగా ఏడాది పాటు వాడమంటారు. వాటిని సొంతంగా ఆపితే స్టెంట్‌లో గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఇవి వాడుతున్నప్పుడు కింద పడి తల తగిలితే, గాయం చిన్నదిగా కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. అందుకే చీకట్లో గతుకుల రోడ్ల మీద కాకుండా, పార్కు బాట గానీ స్టేడియం ట్రాక్ గానీ ఎంచుకోండి. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు మింగి పరుగుకు దిగే అలవాటు మన రన్నర్లలో విపరీతంగా ఉంది. గుండెపోటు వచ్చినవారు డాక్టరు చెప్పకుండా వాటిని ముట్టుకోకూడదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడేవారు ఒళ్లంతా కండరాల నొప్పులతో పాటు మూత్రం ముదురు రంగులోకి మారితే పరుగు ఆపి వెంటనే పరీక్ష చేయించుకోవాలి. ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర గానీ వాడే మధుమేహులు పరుగుకు ముందు చక్కెర చూసుకుని, జేబులో గ్లూకోజ్ పొడి పెట్టుకోవాలి.

పరుగు మొదలుపెట్టే ముందు వారానికి ఐదు రోజులు, రోజుకు 45 నిమిషాల చురుకైన నడక ఆయాసం లేకుండా సాగాలి. ఆ తర్వాత ఒక నిమిషం మెల్లని పరుగు, నాలుగు నిమిషాల నడక చొప్పున ఆరు విడతలు, వారానికి మూడు రోజులు చేయండి. రెండు వారాలకొకసారి పరుగు నిమిషాలు కొద్దిగా పెంచండి. ఊపిరి త్వరగానే అలవాటు పడుతుంది గానీ, పిక్కల కింది స్నాయువులకు నెలలు పడుతుంది. ఒంట్లో బాగుందనిపించిన నాలుగో నెలలోనే చాలామంది దూరం పెంచేసి మడమ నొప్పితో కూర్చుంటారు. ప్రతిసారీ ముందు 15 నిమిషాలు, తర్వాత 10 నిమిషాలు నడవడం మానకూడదు. బీపీ మందులు వాడేవారు పరుగు నుంచి ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. జ్వరం వచ్చిన రోజుల్లోనూ, తగ్గిన వెంటనే వచ్చే వారంలోనూ పరుగు వద్దు. ఎండాకాలంలో తెల్లవారుజామున ముగించాలి, ఆరు దాటితే మన ఊళ్లలో నడకే మేలు.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేనంత ఆయాసం, గుండె దడ: వీటిలో ఏది వచ్చినా అక్కడికక్కడే ఆగి కూర్చోండి. డాక్టరు రాసి ఇచ్చి ఉంటే, రక్తనాళాలను వెడల్పు చేసే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోండి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కూలిపోయే ప్రమాదం ఉంది. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఎసిడిటీ అనుకుని ఇంటి దాకా నడుచుకుంటూ వెళ్లడం ఎంత మాత్రం తగదు.

మొదటి ఏడాది పోటీ జోలికి పోవద్దని నా అభిప్రాయం. తర్వాత కూడా 5, 10 కిలోమీటర్లు పూర్తి చేశాకే 21.1 కిలోమీటర్ల వైపు చూడండి. తొలి హాఫ్‌కు ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌ను ఎంచుకోకండి, ఆ ఉక్కలో ఫ్లైఓవర్లు ఎక్కడం అనుభవజ్ఞులకే పరీక్ష. డిసెంబరు, జనవరి పరుగులు నయం. బిబ్ (పోటీలో ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) వెనుక వాడుతున్న మందుల పేర్లు, స్టెంట్ వేసిన తేదీ, ఇంటివారి ఫోన్ నంబరు రాసుకోండి. దాహానికి తగ్గట్టే నీళ్లు తాగండి, ప్రతి స్టాల్ దగ్గరా గడగడా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. ముగింపు గీత కనబడగానే చప్పట్లకు పొంగిపోయి వేగం పెంచకండి, దూరపు పరుగుల్లో గుండె ఆగిన సంఘటనలు ఎక్కువగా చివరి భాగంలోనే జరుగుతాయి. గీత దాటాక పతకం కోసం వరుసలో కదలకుండా నిలబడకుండా పది పదిహేను నిమిషాలు నడిచి, ఆ తర్వాతే కూర్చోండి. ఆ పరుగులో ఎక్కడ ఆయాసపడ్డారో, ఎక్కడ నడిచారో అదే రోజు రాసి పెట్టుకుని, తర్వాతి చెకప్‌కు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.