భూగర్భ డ్రైనేజీ పనులకు అనుమతులు: కొర్రీలు పడకుండా ఫైలు ఎలా నడపాలి

పురపాలక సంఘం భూగర్భ డ్రైనేజీ, మురుగుశుద్ధి కేంద్రం కట్టాలంటే రెవెన్యూ, కాలుష్య నియంత్రణ మండలి, జాతీయ రహదారులు, రైల్వే, నీటిపారుదల శాఖల గడప తొక్కాల్సిందే. కొన్నిచోట్ల అటవీ శాఖ కూడా తోడవుతుంది. ఫైలు ఆగేది చాలాసార్లు చట్టం దగ్గర కాదు. ఒకే పనికి డీపీఆర్‌లో (సవివర ప్రాజెక్టు నివేదికలో) ఒక అంకె, మండలి దరఖాస్తులో ఇంకో అంకె, రైల్వే డ్రాయింగులో మరో లెవెల్ ఉంటాయి. కొర్రీ పడేది అక్కడే.

కాబట్టి ముందు ఒకే పేజీలో లెక్కల పత్రం తయారుచేసి ఇంజినీరు, కమిషనర్ సంతకాలు పెట్టించండి. ఉదాహరణకు డిజైన్ జనాభా లక్ష అనుకుందాం. కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సీపీహెచ్ఈఈఓ మాన్యువల్ ప్రకారం తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున నీటి సరఫరా 13.5 ఎంఎల్‌డీ (రోజుకు మిలియన్ లీటర్లు). అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది, అంటే 10.8 ఎంఎల్‌డీ. ఊటనీటి చేరిక (నేలలోంచి పైపుల్లోకి ఊరే నీరు) వేరుగా కలపాలి. ఈ జనాభాకు పీక్ ఫ్యాక్టర్ (సగటుకు అత్యధిక ప్రవాహం ఎన్ని రెట్లో చెప్పే అంకె) 2.25. ప్రతి దరఖాస్తులోనూ ఇవే అంకెలు ఉండాలి. ఒకచోట 10.8, ఇంకోచోట 'సుమారు 12' అని రాస్తే రెండూ తప్పుగానే కనిపిస్తాయి.

తర్వాత స్థలం. మురుగు పల్లానికి పారాలి కనుక శుద్ధి కేంద్రానికి అనువుగా కనిపించేది ఎప్పుడూ చెరువు పక్కనే. చిక్కూ అక్కడే. తెలంగాణలో 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి గీత) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. సర్వే నంబరు 'ప్రభుత్వ భూమి' అని ఉంటే చాలదు. శిఖమా (చెరువు గర్భంలోని భూమి), పోరంబోకా (ప్రజావసరాలకు వదిలిన భూమి), ఎవరికైనా అసైన్ చేసిందా అన్నది తహసీల్దారు నివేదికలో స్పష్టంగా రాయించండి. ఎఫ్‌టీఎల్ రాళ్లను నీటిపారుదల శాఖ ఇంజినీరుతో కలిసి కొలిచి, ఆ స్కెచ్‌ను ఫైలులో పెట్టండి. భూమి అప్పగింత పూర్తికాకుండా టెండరు పిలవకండి.

కాలుష్య నియంత్రణ మండలి నుంచి జల చట్టం 1974, సెక్షన్ 25 కింద సీఎఫ్ఈ (నిర్మాణానికి సమ్మతి) తీసుకోవాలి. నాలుగు నెలల్లో తేల్చకపోతే సమ్మతి ఇచ్చినట్టేనని చట్టం చెబుతుంది. ఆ గడువును నమ్ముకుని కూర్చోకండి. దరఖాస్తు అసంపూర్ణమన్న ఒక్క కొర్రీతో ఆ లెక్క వివాదంలో పడుతుంది. మండలి తప్పకుండా అడిగేవి నాలుగు: శుద్ధిచేసిన నీరు ఎక్కడికి పోతుంది, బురదను ఏం చేస్తారు, కరెంటు పోతే పంపింగ్ ఎలా, వాన రోజుల్లో పొంగితే ఎటు వదులుతారు. వీటికి అడగకముందే జవాబు రాయండి. 2017 నోటిఫికేషన్ ప్రకారం మెట్రోలు కాని పట్టణాలకు శుద్ధిచేసిన నీటిలో బీఓడీ (సేంద్రియ మలినాన్ని కొలిచే అంకె) హద్దు లీటరుకు 30 మిల్లీగ్రాములు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్జీటీ) ఇచ్చిన ఆదేశం 10కి దించింది. డిజైన్ 10కే చేయండి. కట్టిన తర్వాత మార్చడం కన్నా ఇప్పుడు ట్యాంకు పెంచడమే చవక.

ఇక్కడ పర్యావరణ అనుమతి కూడా కావాలన్న అపోహ తరచూ కాలయాపనకు దారితీస్తుంది. విడిగా కట్టే పట్టణ మురుగుశుద్ధి కేంద్రం 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ జాబితాలో లేదు. అందులో ఉన్నది పరిశ్రమల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం. తీరప్రాంత పట్టణమైతే మాత్రం సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) గీత ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది క్రాసింగుల (పైపు రోడ్డునో రైలు పట్టాలనో దాటే చోట్ల) మీద. మంచినీటి పైపు ప్రెషర్‌తో నడుస్తుంది కనుక కాస్త ఎత్తూ పల్లాలు తట్టుకుంటుంది. మురుగు పైపుకు వాలే ప్రాణం. రహదారి కింద పైపును అర మీటరు లోతుకు దించమంటే, అక్కడి నుంచి దిగువన ఉన్న ప్రతి మ్యాన్‌హోల్, చివరి వెట్‌వెల్ (పంపింగుకు ముందు మురుగు చేరే బావి) అంతా అర మీటరు దిగాలి. తవ్వకం, షోరింగ్ (గోతి గోడలు కూలకుండా పెట్టే ఊతం), పంపు హెడ్ (మురుగును ఎత్తాల్సిన ఎత్తు) అన్నీ పెరుగుతాయి. అందుకే వీధుల నెట్‌వర్క్ ఖరారు చేయకముందే క్రాసింగుల ఇన్వర్ట్ (పైపు లోపలి అడుగు) లెవెళ్లు తేల్చుకోండి.

జాతీయ రహదారికి కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2016 మార్గదర్శకాలు వర్తిస్తాయి. కేసింగ్ (పైపు చుట్టూ ఉండే రక్షణ గొట్టం) పైభాగం రోడ్డు ఉపరితలానికి కనీసం 1.2 మీటర్ల కింద, పక్క డ్రెయిన్ అడుగుకు కనీసం 0.3 మీటర్ల కింద ఉండాలి. లైసెన్సు రుసుము, బ్యాంక్ గ్యారంటీ ఎస్టిమేటులోనే చేర్చకపోతే అనుమతి వచ్చాక డబ్బు కోసం మళ్లీ కౌన్సిల్ తీర్మానం కావాలి. రైల్వేకు డివిజన్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. పట్టాలను వీలైనంత లంబంగా దాటించి, బోరింగ్ గుంటలను రైల్వే హద్దు బయట చూపండి. ప్రతి క్రాసింగు దగ్గరా ఉమ్మడి తనిఖీ చేసి చైనేజీ (దారి వెంట దూరం కొలత), నేల లెవెల్, ఇన్వర్ట్, కేసింగ్ వ్యాసం రాసిన కాగితం మీద ఇరుపక్షాల సంతకాలు అక్కడికక్కడే తీసుకోండి. తవ్వే ముందు ట్రయల్ పిట్ (కింద ఏముందో చూసే చిన్న గొయ్యి) తీయండి. 2023లో వచ్చిన 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్‌లో నమోదు చేస్తే కేబుళ్ల యజమానులకు కబురు వెళ్తుంది.

అటవీ భూమిలో మంచినీటి పైపులకు ఒక వెసులుబాటు ఉంది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద హెక్టారులోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసుతో మళ్లించవచ్చు. ఆ జాబితాలో మురుగు పైపు లేదు. దానికి కేంద్ర అటవీ అనుమతుల పరివేశ్ పోర్టల్ దారే, లేదా అలైన్‌మెంట్ మార్చడం.

దరఖాస్తులన్నీ ఒకేసారి పెట్టండి, ఒకదాని జవాబు కోసం ఇంకోటి ఆపొద్దు. కేంద్రం నడపడం మొదలుపెట్టే ముందు సీఎఫ్ఓ (నడపడానికి సమ్మతి) వేరుగా తీసుకోవాలి. సీఎఫ్ఈలోని ఒక్కో షరతు ఎదుట ఎలా పాటించారో రాసి, ఫోటోలు జతచేసి ఇస్తే తనిఖీకి వచ్చే ఇంజినీరు పని సగం తగ్గుతుంది.