పెద్ద నంబర్‌ని విడగొట్టి భాజకాల మొత్తాన్ని బట్టి అది ఏ రకమో (అబండెంట్, పరిపూర్ణ, డెఫిషియెంట్) తేల్చడం ఎలా?

పేపరు, పెన్ను, వందలోపు ఉన్న 25 ప్రైమ్ నంబర్ల లిస్టు, ఇంతే కావాల్సింది. చెట్టు కొమ్మల్లా గీసే పద్ధతి మాత్రం వద్దు, నంబర్ పెద్దదైతే ఏ కొమ్మ ఎక్కడ ఆగిందో తెలీదు. చిన్న ప్రైమ్‌తో మొదలుపెట్టి కిందకి వరసగా రాసుకుంటూ పోవాలి.

7,25,172 తీసుకుందాం. చివర 72 ఉంది కాబట్టి 4తో శేషం లేకుండా పోతుంది, చివరి మూడంకెలు 172 కాబట్టి 8తో పోదు. అంకెలు కూడితే 24, అంటే 3తో పోతుంది, 9తో పోదు. 12తో భాగిస్తే 60,431. ఇక 7, 11, 13 విడివిడిగా చూడక్కర్లేదు, మూడూ గుణిస్తే 1001 కదా, అందుకని 431లోంచి 60 తీసేయండి (60,431లోంచి 60×1001 తీసేసినట్టే), 371 వస్తుంది, అది 7×53. సో 7 ఉంది, 11, 13 లేవు. మిగిలింది 8633, అది మళ్ళీ 7తో పోదు.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. 8633ని చూడగానే ప్రైమ్ అనిపిస్తుంది, 17, 19, 23 వేసి చూస్తారు, పోదు, ఇంకేముంది ప్రైమే అని రాసేస్తారు. దయచేసి అలా చేయకండి. వర్గమూలం దాకా ఉన్న ప్రతి ప్రైమ్‌నీ చూడాల్సిందే, ఒక్కటి కూడా వదలకూడదు. 92 వర్గం 8464, 93 వర్గం 8649, కాబట్టి 92 లోపువన్నీ చూడాలి. 83తో శేషం 1 వస్తుంది, అక్కడికి చేతులు నొప్పెట్టి చాలామంది వదిలేస్తారు, కానీ ఇంకొక్కటి ఉంది, 89. 89×97 = 8633. చూడాల్సిన వాటిలో ఆఖరిదే పట్టిచ్చింది!

కంటికి ప్రైమ్‌లా కనిపించడాన్ని నమ్మకూడదు, అంతటి గణిత మేధావి ఫెర్మానే 4,29,49,67,297 ప్రైమ్ అనుకున్నాడు, 1732లో ఇంకో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ అది 641తో పోతుందని చూపించాడు. అయితే నంబర్‌ని రెండు వర్గాల తేడాగా రాసే ఆ ఫెర్మా పద్ధతే ఇక్కడ భలే పనికొస్తుంది, 8649లోంచి 8633 తీసేస్తే 16, అంటే 4 వర్గం, కాబట్టి 93−4, 93+4, అదే 89, 97. నేనైతే భాగహారాలకి ముందు ఇదొకసారి చూస్తాను, రెండు ఫ్యాక్టర్లూ దగ్గరదగ్గరగా ఉంటే ఒక్క లైన్లో అయిపోతుంది.

మిగతాదంతా తేలికే. 2²×3×7×89×97, పవర్లకి ఒక్కోటి కలిపి గుణిస్తే 3×2×2×2×2, మొత్తం 48 భాజకాలు. వాటి మొత్తానికి ఒక్కో ప్రైమ్ పవర్లని 1తో మొదలుపెట్టి కూడి (1+2+4 = 7, 1+3 = 4, అలా) గుణించాలి, 7×4×8×90×98 = 19,75,680. అందులోంచి అసలు నంబర్ తీసేస్తే 12,50,508, ఇది 7,25,172 కంటే ఎక్కువ కాబట్టి అబండెంట్ నంబర్. సమానంగా వస్తే 6, 28 లాగా పరిపూర్ణ సంఖ్య, తక్కువొస్తే డెఫిషియెంట్.

8633ని ప్రైమ్ అనుకుని చేసుంటే భాజకాలు 24 అని వచ్చేవి, సరిగ్గా సగం. కానీ అప్పుడు కూడా అబండెంట్ అనే వస్తుంది, అందుకే తప్పు చేసినట్టు తెలీదు, చివర్లో ఫ్యాక్టర్లన్నీ మళ్ళీ గుణించి చూసుకున్నా 7,25,172 కరెక్టుగానే వస్తుంది.