కేస్ షీట్‌లో వైకల్య వివరాలు – 3వ పాఠం: అడిగే తీరు, రాసే వాక్యం

గత పాఠంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలను, సదరం శిబిరంలో వైకల్య శాతం నిర్ధారించే క్రమాన్ని చూశాం. ఆ చట్టం పెట్టిన 40 శాతం గీటు రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు ఆధారమవుతుంది. అయితే రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు కేస్ షీట్‌లో ‘లోకోమోటర్ (కదలికల వైకల్యం), 60 శాతం’ అని చదివినంత మాత్రాన, ఆ రోగిని మంచం మీది నుంచి ఏ పక్కకు లేపాలో ఆమెకు తెలియదు. సర్టిఫికెట్ నంబరు, శాతం ఒక గడిలో రాసి ఉంచుదాం. రోగికి దేనిలో ఇబ్బందో, మనం ఎలా సాయపడాలో రాసే పక్క గడి గురించే ఈ పాఠమంతా.

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్, మొదట జనగణనల కోసం ఆరు ప్రశ్నలు తయారుచేసింది. చూడడం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం చేసి బట్టలు వేసుకోవడం, ఎదుటివారితో మాట కలపడం — వీటిలో ఇబ్బంది ఏ మేరకు ఉందో అవి అడుగుతాయి. జవాబులు నాలుగే: ఏమీ లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. ‘వైకల్యం’ అన్న మాట ఈ ప్రశ్నల్లో ఎక్కడా రాదు, వాటి బలమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వరంగల్‌కు వైద్యానికి వచ్చిన పెద్దమ్మను ‘మీకేమైనా లోపం ఉందా?’ అంటే ‘ఏం లేదు బిడ్డా’ అని తల అడ్డంగా ఊపుతుంది. ‘చెవి మిషన్ పెట్టుకున్నా గూడ వినుడు కష్టమైతదా పెద్దమ్మా?’ అని అడిగి చూడండి. ‘ఎడమ దిక్కు ఇనవడది, కుడి దిక్కుకొచ్చి మెల్లగ మాట్లాడితె తెలుస్తది’ అంటుంది. ఆ ఒక్క జవాబులోంచే మనకు కావలసిన వాక్యం పుడుతుంది: ‘ఎడమ చెవి వినిపించదు, కుడివైపు నిలబడి, ముఖం కనిపించేలా, నిదానంగా మాట్లాడాలి, ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లేటప్పుడు మత్తు ఇచ్చే దాకా చెవి మిషన్ తీయవద్దు.’ ఎవరు చదివినా వెంటనే చేయగలిగిన పని అందులో ఉండాలి. ‘చెవిటి, సహకరించడం లేదు’ వంటి రాత రోగిని అవమానించడమే కాక, తరువాతి నర్సుకు ఏ దారీ చూపదు.

ప్రశ్న రోగినే అడగాలి. వెంట వచ్చిన కొడుకో కోడలో ముందుగా జవాబు చెప్పబోతే, వారిని మర్యాదగా ఆపి రోగి వైపే తిరగండి; మాట స్పష్టంగా రానివారికి మరికొంత సమయం ఇవ్వండి. ఈ వివరాలు ఎందుకు రాస్తున్నామో, ఎవరు చదువుతారో కూడా అప్పుడే చెప్పాలి.

ఆరు ప్రశ్నలతో అన్నీ దొరకవు. ఐదేళ్లలోపు పిల్లలకు ఇవి సరిపోవు, మానసిక అనారోగ్యం వీటిలో చాలాసార్లు బయటపడదు. అందువల్ల చివరన ‘మీకు వైద్యం చేసేటప్పుడు మేం ప్రత్యేకంగా ఏమైనా చూసుకోవాలా?’ అని తప్పకుండా అడగండి.

రాసిన వాక్యం కేస్ షీట్ మొదటి పేజీలో, మందుల అలర్జీ పక్కనే ఉండాలి. లోపలి పేజీల్లో ఉంటే ఎవరి కంటా పడదు. డిశ్చార్జి సమ్మరీలోకీ, రిఫరల్ చీటీలోకీ దాన్ని ఎక్కించాలి. పాత అడ్మిషన్ నుంచి యథాతథంగా దించవద్దు, మళ్లీ అడగండి.

అభ్యాసం: షుగర్ వల్ల కుడి కాలు మోకాలి కింద తీసేసిన 60 ఏళ్ల వ్యక్తి ఎడమ పాదం పుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చి, వార్డులో చేరాడు. చేతికర్రతో నడుస్తాడు, రాత్రిపూట చూపు సరిగా ఆనదు. మంచం, బాత్రూం, రాత్రి వెలుతురు, కర్ర ఉంచే చోటు — ఈ నాలుగూ వచ్చేలా మూడు వాక్యాలు రాసి ఉంచుకోండి. 4వ పాఠంలో వాటినే రిఫరల్ చీటీలోకి కుదిద్దాం.